ఆటపెట్టెకు వేసిన మాటు

“బిందెలకు మాట్లు వేస్తాం, బొక్కెనలకు మాట్లు వేస్తాం” అని వీధిలో వినిపించే కేక మన చదువరులలో కొందరికైనా ఇంకా జ్ఞాపకము ఉండే ఉంటుంది. ఒక బొగ్గుల కుంపటి, తోలుతిత్తి, కాల్చిన ఇనుప కడ్డీ, కొంచెము నవాసాగరము, కొంచెము తగరము. అతని సామాను అంతే. పొద్దున చిల్లుపడిన బిందె మధ్యాహ్నమునకు మళ్లీ నీళ్లు పట్టేది.

నేను ఐ.టి.ఐ.లో రేడియో, టి.వి. మెకానిక్ ట్రేడు పిల్లలకు చాలా ఏండ్లు నేర్పినవాడిని. మొదటి రోజు తరగతిలో ఆ మాట్లవాని సంగతే చెప్పేవాడిని. రెండు లోహములు అతకాలంటే ముందు రెండూ శుభ్రము కావాలి, రెండూ సమానముగా వేడెక్కాలి. తొందరపడితే అతుకు పైకి మెరుస్తుంది గాని లోపల పట్టదు. ఈ పాఠమును నా మేనల్లుడు నా దగ్గరే నేర్చుకున్నాడు. ఇప్పుడు మండల కేంద్రములో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణము నడుపుతున్నాడు. చేయి మంచిది. మైక్రోస్కోపు కింద తలవెంట్రుక వంటి తీగతో జంపర్ వేస్తాడు.

2024 వేసవిలో ఒక రాత్రి అతడు ఫోను చేశాడు. “మామయ్యా, ఒక కొత్త పని వచ్చింది. ఫోను కాదు, ఆటల పెట్టె. లోపల చిన్న చిప్పు పెట్టాలట. ఒక్క చిప్పుకు వారము రోజుల సంపాదన ఇస్తామంటున్నారు. పెట్టనా?”

ఆ ఫోను తరువాత జరిగినది మీతో చెప్పాలంటే ముందుగా ఆ పెట్టె ఏమిటో, ఆ చిప్పు ఏమి చేస్తుందో చెప్పాలి. ఇంట్లో యౌవనస్థులున్న తల్లిదండ్రులు కొంచెము ఓపికతో చదవండి.

జపాను దేశములో క్యోటో పట్టణములో 1889లో పేకముక్కల వంటి పూల చీట్లు తయారుచేసే చిన్న దుకాణముగా మొదలైన సంస్థ నింటెండో. చీట్ల నుండి బొమ్మలకు, బొమ్మల నుండి ఎలక్ట్రానిక్ ఆటలకు వచ్చింది. మీసాలున్న మారియో బొమ్మ వారిదే. 2017 మార్చిలో స్విచ్ అనే యంత్రమును, 2019 సెప్టెంబరులో చేతిలో పట్టుకొని మాత్రమే ఆడే స్విచ్ లైట్ అనే చిన్న యంత్రమును తెచ్చారు. మన ఊళ్లకు ఇలాంటివి ఎక్కువగా విదేశములలోని బంధువుల పెట్టెల్లో వస్తాయి. మా మేనల్లుని దగ్గరకు వచ్చినది ఈ చిన్నదే. ఒక ఇంజనీరింగు విద్యార్థికి అతని అన్న అమెరికా నుండి తెచ్చి ఇచ్చాడట.

యంత్రము ఒకసారి కొంటే సరిపోదు, ఆటలు వేరుగా కొనాలి. పెద్ద ఆట ఒక్కొక్కటి సుమారు 60 డాలర్లు ఉండేది. మన డబ్బులో చూస్తే పల్లెలో ఒక కుటుంబము నెల సరుకులు తెచ్చుకోగల మొత్తము. డబ్బు చెల్లించని ఆట నడవకుండా యంత్రములో కాపలా పెట్టారు. మీట నొక్కగానే ముందుగా మేలుకొనేది ప్రధాన చిప్పులో ఫ్యాక్టరీలోనే అచ్చువేసిన చిన్న ప్రోగ్రాము. దానిని తరువాత ఎవ్వరూ మార్చలేరు, చేసినవారు కూడా మార్చలేరు. తరువాత రాబోయే ప్రోగ్రాము మీద సంస్థవారి ముద్ర ఉన్నదా లేదా అని అది చూస్తుంది. ముద్ర సరిగా ఉంటేనే లోపలికి రానిస్తుంది. చెక్‌పోస్టు దగ్గర లారీ కాగితములు చూసే మనిషి వంటిదన్నమాట.

మార్చలేనిదైనందువలన ఒక చిక్కు వచ్చింది. 2018 ఏప్రిల్‌లో ఆ కాపలా ప్రోగ్రాములోనే ఒక లోపమున్నదని పరిశోధకులు బయటపెట్టారు. పక్కన పట్టా జారే గాడిలో ఒక సన్నని లోహపు ముక్క, కాగితములకు పెట్టే క్లిప్పు వంటిది, సరియైన చోట పెట్టి యంత్రమును వెలిగిస్తే తలుపు తెరుచుకొనేది. అప్పటికే కోటికి పైగా యంత్రములు అమ్ముడైపోయాయి. వాటిని వెనుకకు పిలిచి సరిచేసే మార్గము లేదు. అదే సంవత్సరము మధ్య నుండి తయారైన వాటిలో మాత్రము లోపము పూడ్చారు. క్లిప్పుతో పని అయిపోయినంత కాలము టంకము అవసరము రాలేదు. కొత్త యంత్రములు వచ్చిన తరువాతనే ఐరను పట్టుకొనేవారి అవసరము వచ్చింది.

కొత్త ఉపాయము ఏమిటంటే, కాపలావాడు కాగితము చూస్తున్న ఆ ఒక్క క్షణములో వాని కళ్లకు చీకటి కమ్మేటట్లు చేయడము. ప్రధాన చిప్పుకు వెళ్లే విద్యుత్తును సెకనులో పదిలక్షలవ వంతుకన్నా తక్కువ కాలము కిందికి లాగుతారు. యంత్రము ఆగిపోదు గాని లెక్క ఒకటి తప్పుతుంది. “ముద్ర సరిగా లేదు” అని చెప్పవలసిన చోట తడబడి ముందుకు పోతుంది. ఆ క్షణము తప్పిపోతే చిప్పు మళ్లీ ప్రయత్నిస్తుంది, మళ్లీ ప్రయత్నిస్తుంది. పని చేసిన క్షణమును జ్ఞాపకము పెట్టుకొని మరుసటిసారి అక్కడి నుండే మొదలుపెడుతుంది. టీం ఎక్సిక్యూటర్ అనే ముఠా 2020లో ఇలాంటి చిప్పులను ఖరీదు పెట్టి అమ్మింది. ముఠా పట్టుబడిన తరువాత మరికొందరు అదే పనిని ఆర్‌పీ2040 అనే చవక చిప్పుతో చేయడము మొదలుపెట్టారు.

ఆ చిప్పు సంగతి విన్నప్పుడు నాకు మనసులో బాధ కలిగింది. దానిని 2021లో ఇంగ్లండులోని రాస్ప్‌బెర్రీ పై వారు తెచ్చారు. పేద పిల్లలు కూడా కంప్యూటరు విద్య చేతులతో నేర్చుకోవాలని దానిని పెట్టిన చిన్న బోర్డును 4 డాలర్లకే అమ్మారు. నేనే దానితో పిల్లల చేత చీకటి పడగానే వెలిగే దీపము చేయించాను. అదే వస్తువు ఇక్కడ ఈ పనికి వచ్చింది.

ఇక టంకము సంగతి. స్విచ్ లైట్ వెనుక మూత మూడు రెక్కల స్క్రూలతో ఉంటుంది, మామూలు స్క్రూడ్రైవరు పట్టదు. మూత తీస్తే లోహపు రేకు, దాని కింద వేడిని మోసే రాగి గొట్టము, దాని కింద ప్రధాన చిప్పు. చిప్పు పక్కన వరుసగా కెపాసిటర్లు. ఒక్కొక్కటి రాగి గింజకన్నా చిన్నది. వాటి మీద ఒక సన్నని రిబ్బను కేబులును అతికించాలి. విద్యుత్తును కిందికి లాగేది ఆ రిబ్బనే. అది గాక ఆరు తీగలు వేయాలి. విద్యుత్తుకు ఒకటి, నేలకు ఒకటి, మిగిలినవి జ్ఞాపకశక్తి చిప్పుకు వెళ్లే దారుల మీద. తీగ ఎనామెల్ పూసిన రాగి తీగ, జుట్టంత సన్నము. చుట్టూ ఉన్న భాగములు కదలకూడదు, బోర్డు మీది రాగి పొర లేవకూడదు, పేస్టు ఎక్కువ కాకూడదు, వేడి ఎక్కువసేపు నిలవకూడదు. పెద్ద స్విచ్‌లో జ్ఞాపకశక్తి భాగము ఊడదీసే చిన్న పలక. చిన్న స్విచ్‌లో అదీ బోర్డుకే అతికి ఉంటుంది. ఈ చివరి మాట మనసులో పెట్టుకోండి.

మేనల్లుడు ఫోను చేసిన రాత్రి నేను అతనికి సూటిగా జవాబు చెప్పలేదు. తప్పు నాదే. “చేయి వణకకుండా చేయగలవా?” అని మాత్రము అడిగాను. పని మంచిదా కాదా అన్నది వదిలిపెట్టి, పనితనము గురించి మాట్లాడాను. ఉపాధ్యాయులకు ఈ జబ్బు ఉంటుంది.

అతడు పని ఒప్పుకున్నాడు. రిబ్బను చక్కగా కూర్చున్నది. ఐదు తీగలు పడ్డాయి. ఆరవ తీగ దగ్గర కొంచెము సీసము జారి, 3.3 వోల్టుల తీగను పక్కనున్న సమాచారపు దారికి తగిలించింది. ఆ దారి 1.8 వోల్టులకు చేసినది. మైక్రోస్కోపులో అతనికి అది కనబడలేదు, పేస్టు పొర కింద ఉండిపోయింది. బ్యాటరీ తగిలించి మీట నొక్కాడు. తెర వెలగలేదు. పొగ రాలేదు, వాసన రాలేదు. రెండు రాత్రులు కూర్చొని తీగలన్నీ విప్పి, కడిగి, మళ్లీ చూశాడు. బోర్డు చచ్చిపోయింది.

ఆ విద్యార్థి వచ్చినప్పుడు వెంట పదేండ్ల చెల్లెలు కూడా వచ్చింది. ఆ యంత్రము మీద ఎక్కువగా ఆడేది ఆమేనని అప్పుడు తెలిసింది. యానిమల్ క్రాసింగ్ అనే ఆట, 2020లో వచ్చినది. ఒక దీవిలో ఇల్లు కట్టుకోవడము, చెట్లు నాటడము, చేపలు పట్టడము, ఇరుగుపొరుగు జంతువులకు ఉత్తరములు రాయడము. కొట్లాట ఏమీ లేదు. ఆమె రెండేండ్లుగా ఆ దీవిని పెంచుకున్నది. కౌంటరు పట్టుకొని నిలబడి, “అన్నా, నా దీవి అందులోనే ఉందా?” అని అడిగింది.

అందులోనే ఉంది. కాని ఎవ్వరూ తీయలేరు. ఆ యంత్రములో ఆట గుర్తులన్నీ బోర్డుకు అతికిన జ్ఞాపకశక్తి చిప్పులో ఉంటాయి. వాటికి వేసిన తాళము ఆ ఒక్క యంత్రమునకే ప్రత్యేకము. విడిగా ఒక కార్డులోకి నకలు తీసుకోనివ్వరు. నెలనెలా చందా కట్టినవారికే తమ కంప్యూటర్లలో దాచి ఇస్తారు. వీరు చందా కట్టలేదు. ఇక్కడ సంస్థవారిని నేను మెచ్చుకోలేను. పిల్ల తన చేతులతో పెంచిన తోట నకలు తన కార్డులో పెట్టుకోవడములో ఎవరి సొమ్ము పోతుంది? ఈ చిప్పులు పెట్టించుకొనేవారిలో కొందరు కేవలము ఆ నకలు కొరకు, సొంతగా రాసుకున్న చిన్న ప్రోగ్రాములు నడుపుకొనుట కొరకు పెట్టించుకుంటారు. అది నిజము, చెప్పకుండా దాచడము న్యాయము కాదు. అయితే మా మేనల్లుని దగ్గరకు వచ్చిన కుర్రవాడు నకలు అడగలేదు. “వంద ఆటలు వేసి ఇవ్వాలి” అని అడిగాడు. ఆ సంగతి మేనల్లుడు నాకు చివరికి గాని చెప్పలేదు.

మనము గొప్పలు చెప్పుకోవడానికి వీలులేదు. 1990లలో మన ఊళ్ల టి.వి.లకు తగిలించిన వీడియోగేములు గుర్తున్నాయా? ఒక్క కాసెట్టులో తొమ్మిది వేల ఆటలని పైన అచ్చువేసి ఉండేది, లోపల ఇరవై ముప్పది ఆటలే మళ్లీమళ్లీ వచ్చేవి. ఆ పెట్టెలు నింటెండో వారి 1983 నాటి యంత్రమునకు నకలు, ఆ మారియో దొంగ మారియో. పండుగకు మా ఇంట్లో కూడా ఒకటి కొన్నాను. ఎవరి సొమ్మో అడగాలని నాకు అప్పుడు తోచలేదు, అమ్మినవానికీ తోచి ఉండదు.

ఇప్పుడు చట్టము ఏమంటున్నదో చూద్దాము. మన దేశపు కాపీరైటు చట్టము 1957 నాటిది. దానికి 2012లో చేర్చిన 65ఏ సెక్షను ప్రకారము, ఇతరుల హక్కును భంగపరచే ఉద్దేశముతో ఇలాంటి కాపలాను తప్పించినవారికి రెండేండ్ల వరకు జైలు, జరిమానా కూడా ఉండవచ్చును. ఉద్దేశము అన్న మాట అందులో ముఖ్యము. ఐరను పట్టుకోవడము నేరము కాదు, ఎందుకు పట్టుకున్నావన్నదే ప్రశ్న. దేశమును బట్టి తీర్పులు మారాయి కూడా. ఆస్ట్రేలియాలో ప్లేస్టేషనుకు చిప్పులు పెట్టిన ఒకాయన 2005లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానములో సోనీ సంస్థ మీద గెలిచాడు.

జపానులో అలా జరగలేదు. 58 ఏండ్ల వ్యక్తి ఒకడు పాత స్విచ్‌లు కొని, బోర్డుకు భాగములు టంకము పెట్టి, దొంగ ఆటలు 27 నింపి, ఒక్కొక్కటి 28,000 యెన్లకు అమ్మాడని 2025 జనవరిలో పోలీసులు పట్టుకున్నారు. రెండేండ్ల శిక్షను మూడేండ్లు నిలుపుదల చేసి, 5 లక్షల యెన్ల జరిమానా వేశారు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రపు ఒక వ్యాపారి తపాలాలో వచ్చిన యంత్రములకు చిప్పులు పెట్టి తిరిగి పంపేవాడు. మానుకుంటానని ముందు ఒప్పుకొని, మళ్లీ మొదలుపెట్టాడు. 2025 సెప్టెంబరులో 20 లక్షల డాలర్లు చెల్లించేటట్లు తీర్పు వచ్చింది.

అందరికన్నా ఎక్కువగా పేరు వినిపించినవాడు గ్యారీ బౌసర్. కెనడా దేశస్థుడు, టీం ఎక్సిక్యూటర్ ముఠా తరఫున చిప్పుల ప్రచారము చూసేవాడు. (మారియో ఆటలో దుష్టుని పేరు బౌసర్. అప్పట్లో అమెరికాలో నింటెండో శాఖ అధ్యక్షుని ఇంటిపేరు కూడా బౌసరే. కోర్టులో గుమస్తాలు ఎలా రాసుకున్నారో!) 2020లో డొమినికన్ రిపబ్లిక్‌లో పట్టుబడ్డాడు. 2022 ఫిబ్రవరిలో సియాటిల్ కోర్టు 40 నెలల జైలు వేసింది. క్రిమినల్ కేసులో 45 లక్షల డాలర్లు, సివిల్ దావాలో కోటి డాలర్లు, అంతా నింటెండోకు కట్టాలి. బోదకాలు వంటి జబ్బుతో కాలు వాచి నడవలేని మనిషి. జైలులో పనిచేసి సంపాదించిన దానిలో నుండి నెలకు 25 డాలర్లు కట్టేవాడు. 2023లో విడుదలై కెనడా వెళ్లాడు. ఇక బ్రతికినంతకాలము నెల ఆదాయములో నాలుగవ వంతు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ, ఆ అప్పుకే పోతుంది. ముఠా వలన నష్టము 6.5 కోట్ల డాలర్లకు పైమాటేనని ఒప్పుకోలు పత్రములో ఉన్నది. చిప్పును కనిపెట్టినవాడు అతడు కాదు, సొమ్ములో పెద్ద వాటా అతనికి చేరలేదు. ముందు వరుసలో నిలబడినవాడు అతడు, అందుకే దొరికాడు. శిక్ష న్యాయమే కావచ్చు గాని, ఆ 25 డాలర్ల సంగతి చదివిన రోజున నాకు అన్నము సయించలేదు.

మా మేనల్లునికి ఈ బౌసర్ కథ బోర్డు చచ్చిన తరువాత చెప్పాను. ముందే చెప్పవలసినది. అతడు విని చాలాసేపు ఊరుకున్నాడు. “మామయ్యా, పోలీసుల భయము కాదు. ఆ పాప అడిగిన మాట చెవిలోనే ఉంది. చిప్పు పెట్టే ముందు లోపల ఎవరిదైనా ఏమైనా ఉన్నదా అని ఒక్క మాట అడగలేదు. ఫోను ఇస్తే ఫొటోలు తీసిపెట్టుకున్నారా అని రోజూ అడుగుతాను. దీనికి అడగలేదు. డబ్బు మీద దృష్టి ఉండిపోయింది” అన్నాడు.

ఆ ఆదివారము ఆరాధన అయిన తరువాత ఇద్దరమూ వాళ్లింటికి వెళ్లాము. కుర్రవాని తండ్రికి చిప్పు సంగతే తెలియదు. కొడుకు “ఛార్జింగు ఎక్కడము లేదని ఇచ్చాను” అని చెప్పాడట. మేనల్లుడు మొత్తము చెప్పాడు, తన తప్పు ముందు చెప్పి, కుర్రవాని తప్పు తరువాత చెప్పాడు. తండ్రి కొడుకును ఏమీ అనలేదు, అతని ముఖము చూశాడు అంతే. మేనల్లుడు మూడు నెలలు కష్టపడి, హైదరాబాదులో వాడిన యంత్రము ఒకటి కొని తెచ్చి ఇచ్చాడు. అది కొనేటప్పుడు నేను ఒక జాగ్రత్త చెప్పాను, మీకూ పనికివస్తుంది. వాడిన యంత్రము కొనేవారు దానిని అంగడిలోనే ఇంటర్నెట్టుకు కలిపి, సంస్థవారి దుకాణము తెరుచుకుంటున్నదో లేదో చూడాలి. చిప్పు పెట్టి దొంగ ఆటలు ఆడిన యంత్రమును సంస్థవారు గుర్తుపట్టి శాశ్వతముగా వెలివేస్తారు. తప్పు చేసినవాడు అమ్ముకొని పోతాడు, వెలి మాత్రము కొన్నవాని మీద పడుతుంది.

పాప కొత్త దీవి మొదలుపెట్టింది. పాతదాని పేరే పెట్టిందట. చెట్లు ఇంకా చిన్నవి.

మేనల్లుడు చిప్పులు పెట్టడము మానేశాడు. ఆటపెట్టెలు మాత్రము మానలేదు. ఛార్జింగ్ పిన్ను విరిగినవి, ఫ్యాను ఆగినవి, పుల్ల ఒక వైపుకు దానంతట అదే లాగుకొనిపోయేవి ఇప్పుడు చుట్టుపక్కల మండలముల నుండి కూడా వస్తున్నాయి. ఛార్జింగ్ పిన్ను మార్చడము కూడా చిన్న పని కాదు. వరుసగా సన్నని కాళ్లు, ఒకదానికొకటి అంటకూడదు. ఒక్కొక్క దానికి వచ్చే కూలి చిప్పుకు చెప్పిన దానిలో పదవ వంతు కూడా ఉండదు.

చచ్చిన బోర్డు నేను అడిగి తెచ్చుకున్నాను. సెలవులలో మా వరండాలో నలుగురైదుగురు పిల్లలు టంకము నేర్చుకోవడానికి వస్తారు. పాత రేడియోల మీద చేయి కుదిరినవారికి చివరి పరీక్ష ఆ బోర్డే. భూతద్దము కింద రాగి గింజంత కెపాసిటరు మీద ఒక తీగ నిలబెట్టాలి, పక్కది అంటకూడదు. మొన్న ఒక ఆడపిల్ల ఐదు తీగలు నిలబెట్టింది. ఆరవది పెడుతూ ఊపిరి వదిలింది, సీసము పక్కకు జారింది. నా వైపు భయముగా చూసింది.

“తుడిచి, మళ్లీ పెట్టమ్మా. ఇందులో ఇప్పుడు ఎవరి దీవీ లేదు” అన్నాను.